హ్మాంగ్ కుట్టుపని, చర్చి సాయం: నన్ను ఎప్పుడూ అడిగేవి (అపోహలు - వాస్తవాలు)

నేను లావోస్‌లో, వియంటియాన్‌లో ఒక క్రైస్తవ సహాయ సంస్థ చేతిపనుల విభాగంలో ఆరేళ్ల నుంచి పనిచేస్తున్నానండి. మా దగ్గర కుట్టేది హ్మాంగ్ వాళ్లు, అంటే లావోస్, వియత్నాం, థాయిలాండ్ కొండల్లో ఉండే ఒక తెగ. ఆర్డర్లు రాసుకోవడం, వాళ్లు కుట్టి తెచ్చినవి చూసి తీసుకోవడం, లెక్క కట్టి డబ్బులివ్వడం, ఇదీ నా పని. సెలవులకి నర్సాపురం వచ్చిన ప్రతిసారీ చర్చిలో పెద్దవాళ్లు, చుట్టాలు అవే ప్రశ్నలు అడుగుతుంటారు, అందుకే ఒకచోట రాసి పెడదామనిపించింది.

అపోహ: కుట్టుపని హ్మాంగ్ వాళ్లకి మిషనరీలే నేర్పించారు

మా వైపు ఇలా అనుకోవడంలో తప్పు లేదు, ఎందుకంటే నర్సాపురంలో లేసు అల్లిక నిజంగానే 19వ శతాబ్దంలో మిషనరీలతో వచ్చింది, మా అమ్మమ్మ కూడా అరుగు మీద కూర్చుని అల్లేది. కానీ హ్మాంగ్ వాళ్ల సంగతి వేరు. వాళ్ల కుట్టుపనిని పన్‌దౌ అంటారు, పూల గుడ్డ అని అర్థం. రెండు మూడు గుడ్డలు ఒకదాని మీద ఒకటి పరిచి, పై గుడ్డని కత్తిరించి, అంచుని సూది మొనతో లోపలికి మడుస్తూ కంటికి కనపడనంత చిన్న కుట్టు వేస్తారు, కింది రంగు ముగ్గులాగా బయటికి వస్తుంది. ఇంకో రకం బాతిక్, హెంప్ గుడ్డ మీద తేనెమైనంతో గీతలు గీసి నీలిమందులో ముంచుతారు (హెంప్ గంజాయి జాతి మొక్కే, ఇది నార కోసం వేసే పంట, కంగారు పడకండి). నత్త చుట్టలాంటి డిజైన్లు, బిడ్డని వీపున కట్టుకునే గుడ్డలు, కొత్త సంవత్సరానికి కుట్టుకునే బట్టలు, ఇవన్నీ తల్లి నుంచి కూతురికి వచ్చినవే.

చర్చి వాళ్లు తెచ్చింది పని కాదు, కొనేవాళ్లని. వియత్నాం యుద్ధం రోజుల్లో అమెరికా అండతో కమ్యూనిస్టులతో పోరాడిన హ్మాంగ్ సేనాని జనరల్ వాంగ్ పావ్, 1975 మే నెలలో లావోస్‌లోని తన స్థావరం లాంగ్ చెంగ్ వదిలి వెళ్లిపోయాక వేలమంది హ్మాంగ్ వాళ్లు మెకాంగ్ నది దాటి థాయిలాండ్‌కి పారిపోయారు. అక్కడ లోయీ రాష్ట్రంలో బాన్ వినాయ్ శరణార్థి శిబిరం 1975 నుంచి 1992 దాకా నడిచింది. పొలం లేదు, పని లేదు, చేతిలో సూది ఒక్కటే ఉంది. క్రిస్టియన్ అండ్ మిషనరీ అలయన్స్ అనే ప్రొటెస్టెంట్ సంఘం సహాయ విభాగం లాంటివాళ్లు ఆ గుడ్డలు కొని బయటి దేశాల్లో అమ్మిపెట్టారు. ఇప్పుడు అందరికీ తెలిసిన కథల గుడ్డలు, అంటే విమానాలు, సైనికులు, నది దాటుతున్న జనం బొమ్మలు కుట్టినవి, ఆ శిబిరాల్లో పుట్టినవే. ఖాళీగా ఉన్న మగవాళ్లు కూడా కూర్చుని బొమ్మలు గీసేవాళ్లు, ఆడవాళ్లు కుట్టేవాళ్లు. కొనేవాళ్ల ఇళ్లకి నప్పేలా రంగులు మాత్రం మారాయి, పాత గుడ్డల్లో ఉన్న ముదురు ఎరుపులు తగ్గి లేత నీలాలు వచ్చాయి. నాకైతే ఆ పాత ఎరుపులే ఇష్టం.

అపోహ: బాప్తిస్మం తీసుకుంటేనే పని ఇస్తారు

"ఏమ్మా, ఈ ఏడాది ఎంతమంది మారారు?" అని ఒక పెద్దాయన అందరి ముందూ అడిగారు. నాకు తెలియదండి, నా రిజిస్టర్‌లో మతం అనే గడి లేదు. 1994లో రెడ్ క్రాస్‌తో కలిసి సహాయ సంస్థలు రాసుకున్న నియమావళిలోనే ఉంది, సాయాన్ని మతం కోసమో రాజకీయం కోసమో వాడకూడదని. పైగా లావోస్‌లో విదేశీయులు ప్రభుత్వ అనుమతి లేకుండా మతప్రచారం చేయడం కుదరదు. మా దగ్గర కుట్టేవాళ్లలో క్రైస్తవులున్నారు, ఇంట్లో షామాన్‌ని (ఆత్మలతో మాట్లాడే వాళ్ల పూజారి) పిలిపించి పూజ చేయించుకునేవాళ్లూ ఉన్నారు, ఇద్దరూ ఒకే చాప మీద కూర్చుని కుడతారు.

అలాగని చరిత్ర అంతా శుభ్రంగా ఉందని నేను చెప్పను. ఆ శిబిరాల నుంచి అమెరికా వెళ్లిన కుటుంబాలకి చాలాసార్లు చర్చిలే స్పాన్సర్లు, ఇల్లు చూసి, పిల్లల్ని స్కూల్లో వేసి అంత చేసినవాళ్లు ఆదివారం రమ్మంటే కాదనలేక వెళ్లినవాళ్లున్నారు. ఆ మొహమాటం కూడా ఒక బరువే, సాయం చేసేవాళ్లం అది గుర్తుపెట్టుకోవాలి. ఇంకోవైపు 1950 నుంచే లావోస్‌లోని షియెంగ్ క్వాంగ్ రాష్ట్రంలో హ్మాంగ్ ఊళ్లకి ఊళ్లు తమంతట తాము విశ్వాసంలోకి వచ్చాయి, అదీ నిజమే.

ఇంకో చిన్న సంగతి. హ్మాంగ్ భాషకి రోమన్ లిపి 1950ల మొదట్లో ప్రొటెస్టెంట్ మిషనరీలు, ఒక కాథలిక్ ఫాదర్ కలిసి కూర్చుని చేశారు. అందులో మాట చివర వచ్చే అక్షరం పలకడానికి కాదు, స్వరం ఎత్తా పల్లమా చెప్పడానికి. అందుకే పన్‌దౌ అని ఆ లిపిలో (paj ntaub) రాసినప్పుడు ఒక్కో మాట చివర జే, బీ కనిపిస్తాయి, అవి చదవకండి.

అపోహ: యుద్ధం అయిపోయి యాభై ఏళ్లయింది, ఇంకా సాయం ఎందుకు

1964 నుంచి 1973 దాకా అమెరికా లావోస్ మీద 20 లక్షల టన్నులకి పైగా బాంబులు వేసింది. క్లస్టర్ బాంబుల్లోని చిన్న గుండ్లలో దాదాపు 30 శాతం అప్పుడు పేలలేదు, భూమిలోనే ఉండిపోయాయి, పిల్లలు బంతి అనుకుని పట్టుకుంటారు. గునపం వేయాలంటే భయపడే పొలం ఉన్న ఇంట్లో కుట్టుడబ్బులు ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు కదా. అందుకే మెనోనైట్ సెంట్రల్ కమిటీ లాంటి క్రైస్తవ సంస్థలు అక్కడ బాంబులు తీసే పనికి కూడా సాయం చేశాయి.

అపోహ: సేవ పేరు చెప్పి రేటు పెంచుతారు

ఈ మాటకి నాకు నిజంగా బాధేస్తుంది. ఒక కుషన్ కవర్ పట్టుకుని వచ్చిన అక్క, పొలం పనులయ్యాక రాత్రిపూట కుట్టి, ఎన్ని రాత్రులో తనకే లెక్క లేదంటుంది. ఫెయిర్ ట్రేడ్ (చేసేవాళ్లకి న్యాయమైన ధర దక్కేలా చూసే వ్యాపార పద్ధతి) నియమం ప్రకారం చేతిపనివాళ్లు అడిగితే ఆర్డర్ విలువలో కనీసం సగం ముందే, వడ్డీ లేకుండా ఇవ్వాలి. దారం కొనుక్కోవడానికి అప్పు చేయకుండా ఉండాలంటే ఇదొక్కటే దారి. మా అమ్మమ్మకి ఏజెంట్ దారం ఇచ్చి, అల్లాక తప్పులు పట్టి కోత కోసేవాడు, డబ్బులు ఎప్పుడిస్తాడో అతని ఇష్టం. అది చూసి పెరిగినదాన్ని కాబట్టి పేమెంట్ ఒక్కరోజు ఆలస్యమైనా నాకు నిద్రపట్టదు.

పాతబట్టలు పంపుతామంటారు చాలామంది, దయచేసి వద్దు, బట్టలు చేయడంలో వాళ్లు మనకంటే పైవాళ్లు. కొనాలనుంటే కొనండి. లావోస్, థాయిలాండ్, వియత్నాం సాపా వైపు టూర్‌కి వెళ్తే బజార్లో అదే డిజైన్ పాలిస్టర్ మీద మెషిన్ ప్రింట్ వేసి చవగ్గా అమ్ముతారు, చూడ్డానికి ఒకేలా ఉంటుంది. ఒకసారి తిరగేసి చూడండి, చేత్తో కుట్టినదైతే వెనక దారం ముడులు, కుట్టు నడిచిన దారి కనిపిస్తాయి, ప్రింట్ అయితే వెనక వెలవెలబోతూ ఉంటుంది.