నాన్న గిటార్‌లో రామగుండం మోత

హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు రాశారు. వాళ్ళ నాన్నగారు గోదావరిఖనిలో సింగరేణి ఉద్యోగి. డ్యూటీ లేని రాత్రుల్లో పెళ్ళిళ్ళకీ వినాయక మండపాలకీ వెళ్ళే ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించేవారట. ఆయన పోయాక ఆ ఎలక్ట్రిక్ గిటార్ ఈవిడ దగ్గరికి వచ్చింది. "తీగల ఊపుని కరెంటుగా మార్చే రెండు పికప్‌లలో ఒకటి అసలు పలకడం లేదు. రెండోది పలుకుతుంది కానీ గుయ్‌మని ఒకటే మోత. ఫ్యాన్ వేస్తే ఇంకా ఎక్కువ. రిపేరుకిస్తే రెండూ పీకేసి కొత్తవి వేద్దామంటున్నారు. చనిపోయినవాళ్ళ వాయిద్యం, అందులోనూ మూగబోయింది, ఇంట్లో ఉంచొద్దని మా అత్తమ్మ అంటున్నారు. ఏం చెయ్యమంటారు?"

అత్తమ్మగారి అభ్యంతరంలో సగం 'మూగబోయింది' అన్నదాని మీదే ఉంది. పలికించాక ఆ సగం ఎలాగూ పోతుంది. మిగతా సగానికి, దసరా ఆయుధపూజలో దీన్ని కూడా పెట్టి ఆవిడ చేతే బొట్టు పెట్టించండి. తడి పసుపు మాత్రం చెక్క మీదే, పికప్ మీద వద్దు. తడి లోపలికి పోతే రాగి పచ్చబారుతుంది. ఇక చెక్కకి పాలిష్, ట్యూనింగ్ కీలకి చుక్క నూనె లాంటివి ఎవరైనా చెప్తారు. నా ఆసక్తంతా ఆ మోత మీద ఉంది, ఎందుకంటే అది వచ్చేది మీ నాన్నగారు బతికిన ఊరి పక్క నుంచే.

రామగుండంలో ఎన్‌టీపీసీ పాత బొగ్గు కరెంటు కేంద్రం సామర్థ్యం 2600 మెగావాట్లు. అక్కడి 500 మెగావాట్ల జనరేటర్ లోపల నిమిషానికి 3000 సార్లు తిరిగే పెద్ద విద్యుదయస్కాంతం ఒకటి, దాని చుట్టూ కదలకుండా కూర్చున్న రాగి చుట్లు ఉంటాయి. అయస్కాంతం తిరుగుతుంటే చుట్ల గుండా పోయే అయస్కాంత క్షేత్రం పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. ఆ మార్పు ఎంత వేగంగా జరిగితే చుట్లలో అంత వోల్టేజి పుడుతుంది. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టింది ఇదే.

గిటార్ తీగల కింద నల్లగా కనిపించే పికప్ కూడా అక్షరాలా జనరేటరే. అందులో ఒక అయస్కాంతం, దాని చుట్టూ వేల చుట్ల రాగి తీగ, అంటే కాయిల్. తేడా ఒక్కటే, ఇక్కడ అయస్కాంతమూ కదలదు, కాయిలూ కదలదు. పైనున్న ఉక్కు తీగ కదులుతుంది. పికప్ పక్కనుండటం వల్ల ఆ తీగ తనే ఒక చిన్న అయస్కాంతం అవుతుంది. దాన్ని మీటితే ఊగుతుంది, ఊగితే కాయిల్ గుండా పోయే క్షేత్రం మారుతుంది. రామగుండంలో రోటర్ చేసే పనిని ఇక్కడ తీగ చేస్తుంది, సింగరేణి బొగ్గు చేసే పనిని వాయించేవాళ్ళ వేలు చేస్తుంది. అక్కడ రోటర్ వేగం మారకూడదు, సెకనుకి 50 చుట్లే. ఇక్కడ వేగం మారడమే సంగీతం. లావు తీగని వట్టిగా మీటితే సెకనుకి దాదాపు 82 సార్లు, సన్న తీగ 330 సార్లు. అక్కడ పుట్టేది 21,000 వోల్టులు, ఇక్కడ ఒక వోల్టులో పదో వంతు అటూఇటూ. అక్కడి నుంచి జిల్లాలకి జిల్లాలు వెలుగుతాయి. ఇక్కడ వచ్చేదాంతో చిన్న ఎల్ఈడీ బల్బు కూడా వెలగదు, అందుకే పక్కన యాంప్లిఫయర్ కావాలి.

ఇంకొంచెం లోపలికి వెళ్దాం. ఫారడే సూత్రంలో లెక్కకొచ్చేది క్షేత్రం ఎంత ఉందన్నది కాదు, ఎంత త్వరగా మారుతోందన్నది. అంటే తీగ ఎంత దూరం ఊగిందన్న దానికంటే ఎంత వేగంగా కదిలిందన్నదే పికప్‌కి వినిపిస్తుంది. బ్రిడ్జ్ (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే పట్టీ) పక్కనున్న పికప్ పదునుగా, మెడ పక్కనున్నది మెత్తగా పలకడానికి కారణం తీగ ఆ రెండు చోట్లా వేర్వేరుగా కదలడమే. చెక్క ఎంత బాగా మోగినా గాలిలోని శబ్దాన్ని పికప్ నేరుగా వినదు. దాని ముందు నిలబడి అరిచి చూడండి, ఆరోగ్యంగా ఉన్న పికప్ పట్టించుకోదు. అరిస్తే పలికిందంటే లోపలి చుట్లు వదులై అదురుతున్నాయన్నమాట. అప్పుడు దాన్ని 65 డిగ్రీల దగ్గర కరిగిన మైనంలో ముంచి చుట్లని బిగిస్తారు. మైనం గిన్నెని వేడినీళ్ళలో పెట్టి కరిగించాలి, నేరుగా మంట మీద పెడితే అంటుకుంటుంది.

ఇంటర్ రెండో సంవత్సరంలో ఈ పాఠమంతా ఉంటుంది. ప్రేరిత విద్యుచ్ఛాలక బలం, లెంజ్ నియమం, పరీక్షలో ఒక ప్రశ్న. రికార్డులో కాయిల్ బొమ్మ గీసి బాణం గుర్తు పెడతారు. క్లాసుకి ఎవరైనా ఒక పాత గిటార్ తెచ్చి డిజిటల్ మల్టీమీటర్‌ని (వోల్టులూ ఓమ్‌లూ కొలిచే మీటర్) ఏసీ మిల్లీవోల్టుల్లో పెట్టి తీగ మీటి అంకెలు మారడం చూపిస్తే, ఆ పాఠం పరీక్ష అయ్యాక కూడా గుర్తుంటుంది. మన దగ్గర ల్యాబ్ అంటే తాళం వేసి ఉండే గది కాబట్టి ఆ సంగతి వదిలేద్దాం.

ఇప్పుడు మోత సంగతి. కాయిల్‌కి తన తీగ ఏదో, పరాయి క్షేత్రం ఏదో తెలియదు. గోడలోని వైర్లు, స్టెబిలైజర్ ట్రాన్స్‌ఫార్మర్, ఫ్యాన్ మోటర్, అన్నీ సెకనుకి 50 సార్లు అటూఇటూ మారే క్షేత్రాన్ని వదులుతుంటాయి. ఆ 50కి మూలం రామగుండంలో తిరిగే రోటర్. 2013 డిసెంబరు 31న దక్షిణాది గ్రిడ్‌ని మిగతా దేశంతో కలిపాక గ్రిడ్‌లోని జనరేటర్లన్నీ ఒకే అడుగులో నడుస్తున్నాయి. అంటే పికప్ రెండు జనరేటర్లని ఒకేసారి వినిపిస్తోంది, పైనున్న ఆరు తీగల చిన్నదాన్నీ, గోదావరి ఒడ్డున ఉన్న పెద్దదాన్నీ. మోతలో గట్టిగా వినబడేది చాలాసార్లు 50కి రెట్టింపైన 100. అది జి స్వరానికి కొంచెం పైన, 98కీ 104కీ మధ్యలో పడుతుంది. అమెరికాలో కరెంటు 60 కాబట్టి ఇదే గిటార్ అక్కడ ఇంకో స్వరంలో గుయ్‌మంటుంది.

మోతలో రెండు రకాలున్నాయి, రెండింటికీ మందు వేరు. తీగలని చేత్తో పట్టుకోగానే తగ్గితే అది విద్యుత్ క్షేత్రం తెచ్చే రొద. మన ఒళ్ళు యాంటెనాలా ఆ రొదని గిటార్ దాకా తెస్తుంది. తీగలు ఎర్త్‌కి కలిసి ఉంటాయి కాబట్టి పట్టుకున్నప్పుడు మనమూ ఎర్త్ అవుతాం. దీనికి కంట్రోల్స్ ఉన్న గుంట లోపల రాగి రేకు అంటించి ఎర్త్‌కి కలిపితే చాలు. పట్టుకున్నా ఏ తేడా లేకపోతే ముందు బ్రిడ్జ్ కింద ఎర్త్ వైరు తెగిందేమో చూడండి. అది బాగుండీ మోత అలాగే ఉంటే అయస్కాంత క్షేత్రం పని. రాగి రేకు దాన్ని ఆపలేదు. 50 దగ్గర ఆ క్షేత్రం రాగిలోకి 9 మిల్లీమీటర్ల దాకా చొచ్చుకుపోతుంది, రేకు మందం అందులో ఏ మూలకి? గిటార్ పట్టుకుని కుర్చీలో మెల్లగా చుట్టూ తిరగండి, ఒక దిక్కున మోత దాదాపు చచ్చిపోతుంది. ఫ్యాన్ విషయంలో తప్పు ఫ్యాన్‌ది కాకపోవచ్చు. మెట్లు లేకుండా గుండ్రంగా తిప్పే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ కరెంటు అలని సెకనుకి 100 సార్లు కోస్తుంది, ఆ కోతల చప్పుడే అది. ఫుల్ స్పీడ్‌లో పెట్టి చూడండి.

ఇక్కడ కాసేపు ఆగి ఒక ప్రమాదం గురించి చెప్పాలి. తీగలు ఎర్త్‌కి కలిసి ఉంటాయన్నాను. ఆ ఎర్త్ యాంప్లిఫయర్ బాడీ ద్వారా వస్తుంది. పాత యాంప్లిఫయర్‌కి రెండు పిన్నుల ప్లగ్ ఉంటే, లోపల ఏదైనా లీకైతే, ఆ బాడీతో పాటు గిటార్ తీగలు కూడా లైవ్ అవుతాయి. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో లెస్ హార్వే అనే గిటారిస్టు స్టేజీ మీద ఎర్త్ లేని మైకు ముట్టుకుని చనిపోయాడు. మన మండపాల్లో స్తంభం నుంచి కొక్కెం వేసి లాగిన కరెంటుకి ఎర్త్ ఎవరు చూస్తారు? నాన్నగారి యాంప్లిఫయర్ కూడా ఉంటే, మూడు పిన్నుల వైరు వేయించి, ఇంట్లోని ఎర్త్ పిన్ను నిజంగా భూమికి కలిసి ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించి, 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించండి. అప్పటిదాకా ఆ యాంప్లిఫయర్‌ని ప్లగ్‌లో పెట్టొద్దు.

పలకని పికప్ విషయానికొద్దాం. మూత విప్పితే టేపు కింద ఎర్రటి పట్టులా మెరిసే చుట్లు కనిపిస్తాయి. మల్టీమీటర్‌కి ఏమీ అందకపోతే ఎక్కడో తెగిందన్నమాట. చాలాసార్లు తెగేది చివర్లలో, టంకం వేసిన చోట. అప్పట్లో టంకం అంటుకోవడానికి పూసిన ఫ్లక్స్‌ని తుడవకపోతే వానాకాలం తేమకి అది రాగిని తింటూ పోతుంది. భూతద్దంలో చూస్తే అక్కడ ఆవగింజలో సగమంత పచ్చటి చుక్క కనిపిస్తుంది. బయటి చివరైతే రెండు మూడు చుట్లు విప్పి తీగ మీది ఎనామిల్ పూత గీకి మళ్ళీ టంకం వేస్తే బతకొచ్చు. లోపలి చివరైతే మళ్ళీ చుట్టించాలి.

మన ఊళ్ళలో ఈ పని ఎవరికి తెలుసు? మోటర్ వైండింగ్ షాపులకి. వరంగల్ చుట్టుపక్కల బోరు మోటర్లు కాలినన్నాళ్ళూ ఆ షాపులకి పని ఉంటుంది, చుట్లు లెక్కపెట్టే చేతి యంత్రమూ ఉంటుంది. ఇలాంటి కాయిల్‌నే ఒకదాన్ని నేను తీసుకెళ్తే ఆ షాపాయన వేలి మీద ఒక పోగు పెట్టుకుని దీపం వైపు పట్టి, "ఇది వైరా సార్, ఎంటికా?" అన్నాడు. సీలింగ్ ఫ్యాన్‌కి వాడేది సాధారణంగా 36 గేజీ. ఇది 46, అంటే మందం మిల్లీమీటర్‌లో పదహారో వంతు. 80 గ్రాముల బరువు వేలాడదీస్తే తెగిపోతుంది. ఇలాంటి కాయిల్‌లో ఏడెనిమిది వేల చుట్లు, విప్పితే కిలోమీటరు పైనే. నిరోధం 6000 ఓమ్‌ల దగ్గర. తెగిన కాయిల్‌లో చుట్లెన్నో తెలియాలంటే విప్పిన తీగని బంగారం షాపు కాటాలో తూయించండి. ఈ గేజీలో తులం రాగి దాదాపు 350 మీటర్లు వస్తుంది. మూడు తులాలుంటే వెయ్యి మీటర్ల పైమాటే, దాన్ని సగటు చుట్టు పొడవుతో భాగిస్తే లెక్క తేలుతుంది. బతికున్న పికప్ ఓమ్‌లతో పోల్చేటప్పుడు రెండూ ఒకే రోజు కొలవండి. రాగి నిరోధం డిగ్రీకి 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. జనవరిలో 6000 చూపించిన కాయిల్ మన మే ఎండల్లో 6600 చూపిస్తుంది, పాడై కాదు.

ఎలాగూ చుట్టిస్తున్నారు కాబట్టి ఒక కిటుకు. అందులోని అయస్కాంతాన్ని తలకిందులుగా బిగించి, చుట్లు కూడా ఎదురు దిక్కుగా వేయించండి. తీగ నుంచి వచ్చే సంకేతం దిశ రెండింటి మీద ఆధారపడుతుంది, అయస్కాంతం ఏ ధ్రువం పైకి ఉందో, చుట్లు ఏ దిక్కుకి తిరిగాయో. రెండూ తిప్పేస్తే మైనస్ ఇంటూ మైనస్ ప్లస్, సంకేతం మారదు. కానీ బయటి మోతకి మన అయస్కాంతంతో పని లేదు, దానికి చుట్ల దిక్కొక్కటే లెక్క. కాబట్టి మోత మాత్రం మైనస్ అవుతుంది. రెండు పికప్‌లూ ఒకేసారి ఆన్ చేస్తే పాట పాటకి కలుస్తుంది, మోతని మోత దాదాపుగా కొట్టేస్తుంది. రెండు కాయిల్స్‌నీ ఒకే పికప్‌లో పక్కపక్కన పెట్టి ఇదే పని చేయించే హంబకర్‌ని గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ 1955లో తయారుచేశాడు. మైనస్ ఇంటూ మైనస్ ఎందుకు ప్లస్ అని అడిగే పిల్లలకి ఇంతకంటే మంచి జవాబు నాకు తెలియదు. ఒకటి తిప్పి ఒకటి మరిచారో, పాట పలచబడుతుంది. తిప్పింది అయస్కాంతాన్నొక్కదాన్నే అయితే మోత కూడా ఉండిపోతుంది.

పాత గిటార్ల ప్రియులకీ వాళ్ళ మూఢనమ్మకాలున్నాయి. అయస్కాంతం ఏళ్ళు గడిచేకొద్దీ 'పండుతుంది' అంటారు. ఆల్నికో (అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన లోహం) అయస్కాంతం ఇంకో బలమైన అయస్కాంతం పక్కన పెడితే బలం కోల్పోతుంది కానీ, ఊరికే కూర్చుంటే పెద్దగా మారదు. పాత పికప్ గొంతు ప్రత్యేకంగా ఉండటానికి కారణం వేరే. కాయిల్‌కి రెండున్నర హెన్రీల ప్రేరకత్వం (కరెంటు మార్పుకి ఎదురు నిలిచే గుణం) అనుకుందాం. 5 మీటర్ల కేబుల్‌కి 500 పికోఫారడ్‌ల కెపాసిటెన్స్ (ఛార్జిని దాచుకునే గుణం). రెండూ కలిసి 4500 హెర్ట్జ్ (సెకనుకి 4500 సార్లు) దగ్గర అనునాదం ఇస్తాయి, అంటే ఆ స్థాయి శబ్దాలు మిగతావాటికంటే గట్టిగా వస్తాయి, గొంతులోని మెరుపు అక్కడ పుడుతుంది. కేబుల్‌ని 10 మీటర్లు చేస్తే ఆ శిఖరం 3200కి దిగి గొంతు మందగిస్తుంది. చుట్లు ఎక్కువైతే ప్రేరకత్వం పెరిగి ఇదే జరుగుతుంది. అందుకే బతికున్న పికప్‌ని పీకొద్దంటున్నాను. నాన్నగారి గొంతు అనుకునేదాంట్లో పెద్ద భాగం ఆ చుట్ల లెక్కే, కొత్తది వేస్తే లెక్క మారిపోతుంది.

మెడ వంగిందేమో చూసి లోపలి ఇనుప రాడ్‌ని పావు చుట్టు చొప్పున సర్దించుకోండి. ఎండలో నిలిపిన కారులో వదలకండి. గరగరలాడే వాల్యూమ్ కంట్రోల్‌కి కాంటాక్ట్ క్లీనర్ చాలు. తీగలు కొనేటప్పుడు ఎలక్ట్రిక్ గిటార్‌వే అడగండి, నికెల్ పూత ఉక్కువి. మామూలు గిటార్‌కి వేసే కంచు చుట్ల తీగలు వేస్తే రెండు సన్నవి గట్టిగా పలుకుతాయి, లావువి నాలుగూ వెనకబడతాయి. కంచుని అయస్కాంతం పట్టించుకోదు, లోపలి సన్నటి ఉక్కు పోగు మాత్రమే పికప్‌కి కనబడుతుంది.