చప్పుడు కన్నా పిడికిలిన్నర ముందు

చిరంజీవులకు,

మొన్న సెలవుల్లో డాబా మీద మీ అవస్థ చూశాను. విమానం మోత వినబడగానే అందరూ అటే తలలెత్తుతారు. అక్కడ ఏమీ ఉండదు. "ఎక్కడ, ఎక్కడ" అనుకునేలోపే అది వేపచెట్టు అవతలికి పోతుంది. మీ కళ్లజోళ్లు మార్చక్కర్లేదు. చిన్న లెక్క తెలిస్తే చాలు.

శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు నడుస్తుంది. అంటే కిలోమీటరు దూరంలో అడ్డంగా పోతున్న విమానం మోత మన చెవిన పడేసరికి మూడు సెకన్లు గడిచిపోతాయి. అది గంటకు 300 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఆ మూడు సెకన్లలో 250 మీటర్లు ముందుకెళ్లిపోయి ఉంటుంది. మీరు చూస్తున్నది అది ఖాళీ చేసి వెళ్లిన చోటు!

ఇప్పుడు చేయి బారుగా చాపి పిడికిలి బిగించండి. ఆ పిడికిలి వెడల్పు ఆకాశంలో దాదాపు 10 డిగ్రీలు. కిలోమీటరు దూరంలో ఆ 250 మీటర్లు సుమారు పిడికిలిన్నర అవుతుంది. మోత ఎటు జరుగుతోందో ఒక్క క్షణం విని, ఆ దిక్కుగా పిడికిలిన్నర ముందు వెతకండి. జెట్ అయితే రెండు పిడికిళ్లు దాటి చూడాలి. నేరుగా మన మీదికే వస్తుంటే మాత్రం ఈ లెక్క అక్కర్లేదు, మోత వచ్చిన వైపే కనబడుతుంది.

ఇంకోటి. ఖాళీ ఆకాశాన్ని ఊరికే చూస్తుంటే కంటి చూపు దగ్గరలోనే ఆగిపోతుంది. పైలట్లకు కూడా ఈ చిక్కు ఉంది. ముందు దూరంగా ఉన్న సెల్ టవర్ మీద చూపు నిలిపి, ఆ తర్వాత ఆకాశానికి మళ్లించండి. తల గిరగిరా తిప్పొద్దు. కొంచెం చూడటం, ఆగడం, మళ్లీ కొంచెం చూడటం.

కనబడ్డాక పోల్చుకోవడం తేలికే. మన గండిమైసమ్మ వైపు ఎక్కువగా తిరిగేది పిలాటస్. దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో 2013 నుంచి కేడెట్లు మొదటి పాఠాలు దీని మీదే నేర్చుకుంటున్నారు. స్విట్జర్లాండ్‌లో తయారైంది. ముక్కున ప్రొపెల్లర్, రెక్కలు పొట్ట కింది వైపు, ఒకరి వెనక ఒకరు కూర్చునే రెండు సీట్లు. పక్క నుంచి చూస్తే అద్దాల కప్పు పొడుగ్గా ఉంటుంది.

ప్రొపెల్లర్ లేకుండా ఈల వేసినట్టు పోయి, ఎదురు నుంచి చూస్తే ముఖం బొద్దుగా ఉంటే అది కిరణ్. విమానాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ హెచ్‌ఏఎల్‌లో, బెంగళూరులో పుట్టిన జెట్. 1964లో మొదటిసారి ఎగిరింది. గురువు, శిష్యుడు పక్కపక్కనే కూర్చుంటారు, అందుకే ఆ బొద్దుతనం. హకీంపేట ఎయిర్‌ఫోర్స్ స్టేషన్‌లో ఎన్నో బ్యాచ్‌లకు జెట్ నడపడం నేర్పింది ఇదే. నాకు మాత్రం పిలాటస్ కన్నా దీని మీదే అభిమానం. హకీంపేటలోనే చేతక్ హెలికాప్టర్లూ ఉంటాయి: ముందంతా అద్దం, పైన మూడు రెక్కలు, కింద మూడు చక్రాలు. జహీరాబాద్‌లో ఉన్న మీ అత్తయ్య వాళ్లకైతే బీదర్‌లో శిక్షణకు వాడే హాక్ జెట్‌లు కనబడతాయి. వాటి రెక్కలు వెనక్కి వాలి ఉంటాయి.

ఒకే విమానం పదే పదే ఎందుకు చక్కర్లు కొడుతుందని చిన్నోడు అడిగాడు. లేవడం, చుట్టూ తిరిగి రావడం, దిగడం: ఇదే వాళ్ల ఎక్కాల పుస్తకం. చక్రాలు నేలకు తగలగానే ఆగకుండా మళ్లీ లేస్తారు. లేచినా దిగినా గాలికి ఎదురుగానే. అందుకే వానాకాలంలో పడమటి గాలి వీస్తున్నప్పుడు ఒక డాబా మీదుగా లేచేవి కనబడితే, గాలి తూర్పుకు తిరిగిన రోజుల్లో అదే డాబా మీదుగా దిగేవి కనబడతాయి. కొన్నాళ్లకు ఇన్‌స్ట్రక్టర్ దిగిపోయి కేడెట్‌ను ఒంటరిగా పంపిస్తాడు. సోలో అంటారు. ఆ కుర్రాడికో అమ్మాయికో మన పెద్దోడి కంటే నాలుగైదేళ్లు ఎక్కువుంటాయేమో. పైన ఎంత టెన్షనో ఆలోచించండి.

ఇది ఆట కాదని కూడా మీకు తెలియాలి. 2023 డిసెంబర్ 4న తూప్రాన్ దగ్గర పిలాటస్ కూలి ఇన్‌స్ట్రక్టర్, కేడెట్ ఇద్దరూ చనిపోయారు.

తక్కువ ఎత్తులో ఎగిరే విమానాలకు పక్షులతో పెద్ద గండం. గద్ద ఇంజన్‌లోకి పోతే సర్దుకోవడానికి కింద ఎత్తు ఉండదు. విమానాశ్రయం చుట్టూ 10 కిలోమీటర్ల లోపల పక్షులు మూగేలా చెత్త, మాంసం వ్యర్థాలు పడేయకూడదని చట్టమే ఉంది. అయినా మన చెరువు గట్టు మీద చికెన్ వ్యర్థాల సంచులు రోజూ కనబడతాయి. వాటి పైన గద్దలు, ఆ పైన కేడెట్లు. ఎవరైనా పారేస్తుంటే మొహమాటం లేకుండా చెప్పండి, మీ మాటకు సిగ్గుపడతారు.

లేజర్ లైట్లు విమానాల మీదికి వేయొద్దు, డ్రోన్ ఎగరేయొద్దు. అకాడమీ గోడ దగ్గర ఫోన్ బయటికి తీయొద్దు, అక్కడ ఫొటోలు నిషేధం. డాబా మీద కళ్లతో చూసి నోట్‌బుక్‌లో బొమ్మ వేసుకోండి. బొమ్మ వేసినవాడు రెక్క ఎక్కడ మొదలైందో జన్మలో మరిచిపోడు.

అకాడమీలో శిక్షణ పూర్తయిన కేడెట్ల పరేడ్ ఏటా జూన్‌లో ఒకసారి, డిసెంబర్‌లో ఒకసారి జరుగుతుంది. డిసెంబర్‌లో రెండు రోజులు సెలవు దొరికితే ముందే ఫోన్ చేయండి. డాబా మీద నీళ్ల ట్యాంకు నీడ ఉన్న చోటు నాది, మిగతాది మీరు పంచుకోండి.

ఇట్లు,
మీ తాతయ్య