గోబర్ గ్యాస్ ఉన్న ఇంట్లో సిలిండరు: అపోహలు – వాస్తవాలు

అపోహ: గోబర్ గ్యాస్ పెట్టుకుంటే సిలిండరు తిరిగిచ్చేయొచ్చు.
ఇవ్వకండి. గోబర్ గ్యాస్ అంటే పేడ నుంచి వచ్చే బయోగ్యాస్. రోజుకు 2 ఘనమీటర్ల (2,000 లీటర్ల) గ్యాసు ఇచ్చే ప్లాంటు నలుగురైదుగురి రోజువారీ వంటకు సరిపోతుంది. మామూలు బయోగ్యాస్ బర్నరుకు గంటకు సుమారు 450 లీటర్ల గ్యాసు కావాలి. అంటే ఒక పొయ్యి రోజుకు నాలుగు గంటల పైచిలుకు మండుతుంది. కానీ చలికాలంలో లోపల గ్యాసు పుట్టించే సూక్ష్మజీవులు మందగించి గ్యాసు తగ్గుతుంది. అప్పుడూ, పండక్కి చుట్టాలు వచ్చినప్పుడూ సిలిండరే దిక్కు. రోజువారీ అన్నం, పప్పు, పాలు మాత్రం పేడ గ్యాసు మీదే కానివ్వండి.

అపోహ: రెండు పశువులుంటే ఎంత ప్లాంటైనా నడుస్తుంది.
కిలో పచ్చి పేడకు సుమారు 40 లీటర్ల గ్యాసు వస్తుంది. 2 ఘనమీటర్లకు రోజూ 50 కిలోలు కావాలి. ఆవుకు 10, గేదెకు 15 కిలోలని లెక్క కడతారు. కానీ మేతకు తోలే పశువుల పేడ సగం బయటే పడిపోతుంది. అందుకే పశువులను కాదు, కొట్టంలో ఎత్తిన పేడను లెక్కపెట్టండి. ఓ వారం తూచి చూడండి. 25 కిలోలే వస్తే 1 ఘనమీటరు ప్లాంటు చాలు. పెద్దది కట్టి సగం పేడ పోస్తే గ్యాసు సగమే, ఖర్చు మాత్రం పూర్తిగా.

అపోహ: చిక్కగా పోస్తే ఎక్కువ గ్యాసు.
పేడ ఎంతో నీళ్లూ అంతే. చిక్కనైతే పైన తెట్టు కడుతుంది, మరీ పల్చనైతే మట్టి అడుక్కి చేరుతుంది. గడ్డిపరకలు ఏరేయండి. ఫినాయిల్, సబ్బు నీళ్లు పడితే సూక్ష్మజీవులు చస్తాయి.

అపోహ: మొదటి గ్యాసు అంటుకోకపోతే ప్లాంటు పాడైనట్టే.
మొదట్లో బొగ్గుపులుసు వాయువే ఎక్కువ. దగ్గర్లో నిప్పు లేకుండా చూసి బయటికి వదిలేయండి.

అపోహ: మంట ఎగిరెగిరి పడుతోందంటే గ్యాసు అయిపోయినట్టు.
చాలాసార్లు తప్పు గ్యాసుది కాదు, పైపులో నీటిది. గ్యాసుతో పాటు వచ్చే ఆవిరి చల్లబడి, పైపు కిందికి వంగిన చోట నీళ్లుగా నిలుస్తుంది. గ్యాసు ఆ నీళ్లను తోసుకుంటూ బుడగలుగా వస్తుంటే మంట పైకి లేస్తుంది, కుంగుతుంది, ఒక్కోసారి ఆరిపోతుంది. పైపును వాలుగా బిగించి, అన్నిటికన్నా పల్లపు చోట నీరు వదిలే కుళాయి పెట్టండి. వారానికోసారి తిప్పితే చాలు. దీన్ని కనిపెట్టలేక మంచి ప్లాంట్లనే మూలన పడేస్తున్నారు, అదే బాధ.

అపోహ: సిలిండరు స్టవ్‌కే ఈ పైపు తగిలించొచ్చు.
ఎల్‌పీజీ స్టవ్‌లో గ్యాసు చిమ్మే జెట్ రంధ్రం చాలా సన్నం. బయోగ్యాస్‌లో వేడి తక్కువ, కాబట్టి ఎక్కువ గ్యాసు పారాలి. దీనికి బయోగ్యాస్ స్టవ్ విడిగా కొనండి. రెండు పైపులను ఎక్కడా కలపొద్దు. లీకును సబ్బు నురగతోనే చూడండి, అగ్గిపుల్లతో కాదు.

అపోహ: గ్యాసు తీసేశాక పేడలో సత్తువ ఉండదు.
నత్రజని దాదాపు అలాగే ఉంటుంది. ఎండబెడితే మాత్రం అందులో కొంత ఆవిరైపోతుంది. ప్లాంటు నుంచి బయటికొచ్చే పచ్చి స్లర్రీని (పేడ ద్రవాన్ని) సాగునీటితో పారించండి, లేదా ఎండుటాకులతో గుంటలో కలపండి.

అపోహ: ఖాళీ ట్యాంకులోకి దిగి పూడిక తీయొచ్చు.
ఖాళీగా కనబడినా లోపల ప్రాణవాయువు ఉండకపోవచ్చు, విషవాయువు మిగిలి ఉండొచ్చు. దిగిన మనిషి క్షణాల్లో కూలిపోతాడు, తీయబోయినవాళ్లూ అక్కడే పడిపోతారు. మీరు దిగొద్దు, ఎవరినీ దింపొద్దు. ప్లాంటు కట్టినవాళ్లను పిలిచి, యంత్రంతో తీయించండి.