రక్తంలో సహజమైన తేడా ఎంత? 50 శాతం హద్దు నుంచి పాస్‌పోర్ట్ దాకా

1964 ఇన్స్‌బ్రుక్ వింటర్ ఒలింపిక్స్‌లో రెండు వ్యక్తిగత స్వర్ణాలు గెలిచిన ఫిన్లాండ్ స్కీయర్ ఈరో మాంటిరాంటా హిమోగ్లోబిన్ లీటరుకు 200 గ్రాములు దాటేది. మగవాళ్లలో మామూలుగా 135 నుంచి 175 ఉంటుంది. రక్తాన్ని కృత్రిమంగా పెంచుకున్నాడని చాలామంది ఆయన్ని అనుమానించారు. ఎర్రకణాల తయారీని పెంచే ఈపీఓ హార్మోన్‌ను అందుకునే గ్రాహకం జన్యువులోనే మార్పు ఉందని, అది ఆ కుటుంబంలో తరాలుగా వస్తోందని 1990లలో గానీ తేలలేదు.

కృత్రిమ ఈపీఓ 1980ల చివర్లో వచ్చింది. దాన్ని మూత్రంలో పట్టే పరీక్ష ఒలింపిక్స్‌లో అడుగుపెట్టింది 2000లో, సిడ్నీలో. ఈలోగా 1997లో సైక్లింగ్ సమాఖ్య యూసీఐ హెమటోక్రిట్‌కు, అంటే రక్తంలో ఎర్రకణాల వాటాకు, మగవాళ్లకు 50 శాతం, మహిళలకు 47 శాతం హద్దు పెట్టింది. మా దృష్టిలో ఈ హద్దు రెండు వైపులా అన్యాయం చేసింది. సహజంగా 42 ఉన్నవాడు మందు వాడి 49 దాకా ఎక్కినా పట్టుబడడు. పుట్టుకతోనే 51 ఉన్నవాడు తన నిజాయితీ తానే రుజువు చేసుకోవాలి.

పైగా ఒకే మనిషిలోనూ హెమటోక్రిట్ గానీ హిమోగ్లోబిన్ గానీ నిలకడగా ఉండదు. ఒంట్లో 900 గ్రాముల హిమోగ్లోబిన్, 6 లీటర్ల రక్తం ఉంటే లీటరుకు 150 గ్రాములు. కఠిన శిక్షణతో ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, 400 మిల్లీలీటర్లు పెరిగిందనుకోండి, ఒక్క కణం తగ్గకపోయినా అది 141కి దిగుతుంది. రోజుల తరబడి సాగే సైకిల్ రేసుల్లో జరిగేది ఇదే. చెమట పట్టి నీరు తగ్గితే అంకె పైకి పోతుంది. పడుకున్నవాడు లేచి నిలబడినా మారుతుంది. అందుకే వ్యాయామం ముగిశాక కొంతసేపు ఆగి, పాదాలు నేలకు ఆనించి పది నిమిషాలు కూర్చోబెట్టాకే రక్తం తీయాలన్న నియమం పెట్టారు.

అసలు చిక్కు కొత్త ఎర్రకణాలతో, అంటే రెటిక్యులోసైట్లతో వస్తుంది. ఈపీఓ వాడి ఆపేశారా అని పసిగట్టే ఆఫ్ స్కోరు లెక్క ఇది: వాటి శాతానికి వర్గమూలం తీసి, 60తో గుణించి, హిమోగ్లోబిన్‌లోంచి తీసివేయాలి. హిమోగ్లోబిన్ 150, రెటిక్యులోసైట్లు 1 శాతం అయితే స్కోరు 90. అవే 155, 0.5 శాతం అయితే 113 దగ్గరకు చేరుతుంది. ఈపీఓ ఆపేసినవాడి రక్తం ఇలాగే ఉంటుంది. ఎత్తైన కొండల్లో వారాలపాటు శిక్షణ పొంది దిగివచ్చినవాడి రక్తమూ అటే మొగ్గుతుంది, ఎందుకంటే కిందికి రాగానే ఒంట్లో ఈపీఓ తగ్గి కొత్త కణాల తయారీ మందగిస్తుంది.

2009లో జర్మనీ స్పీడ్ స్కేటర్ క్లాడియా పెష్‌స్టైన్‌పై రెండేళ్ల నిషేధం పడింది. ఏ మందూ దొరకలేదు. ఆధారమల్లా రెటిక్యులోసైట్ల హెచ్చుతగ్గులే. ఎర్రకణాల్లో వంశపారంపర్యంగా వచ్చిన లోపమే కారణమని ఆ తర్వాత రక్తవ్యాధి నిపుణులు చెప్పారు.

యూసీఐ 2008లో మొదలుపెట్టిన బయోలాజికల్ పాస్‌పోర్ట్‌కు 2009 డిసెంబరులో ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా మార్గదర్శకాలు ఇచ్చింది. ఇందులో క్రీడాకారుడి పాత ఫలితాలే కొలమానం. తొలి నమూనాకు జనాభా సగటును బట్టి హద్దులు వెడల్పుగా ఉంటాయి, నమూనాలు చేరేకొద్దీ అతనికి తగ్గట్టు బిగుసుకుంటాయి. హద్దు దాటినంత మాత్రాన శిక్ష పడదు. ముగ్గురు నిపుణులు చూస్తారు. ఎత్తులో గడిపిన రోజులు, రక్తం పోవడం, రక్తమార్పిడి వంటివి రక్తమిచ్చేటప్పుడే ఫారంలో రాయించాలి. అది ఖాళీగా వదిలేస్తే కొండ దిగివచ్చినవాడి 113కూ మందు ఆపినవాడి 113కూ తేడా చెప్పడం ఆ ముగ్గురికీ కష్టమే.