గాలి గట్టిగా కొడితే పంక్చర్ పడదా? మొరం బాట సైక్లింగ్: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ నుంచి శంకర్‌పల్లి, చేవెళ్ల, వికారాబాద్ వైపు గానీ, ఇటు ఇబ్రహీంపట్నం, యాచారం వైపు గానీ మెయిన్ రోడ్డు వదిలి రెండు కిలోమీటర్లు లోపలికి వెళ్తే చాలు, హారన్ మోత ఆగిపోతుంది. బండ్ల బాటలు, చెరువు కట్టలు, పొలం గట్ల పక్కన మొరం రోడ్లు. వాటి మీద తొక్కాలని ఎంతో ఆశగా బయల్దేరినవాళ్లు రెండు మూడు ఆదివారాలకే మానేస్తున్నారు. కారణం అడిగితే వచ్చే జవాబు ఒకటే: "పంక్చర్లు అన్నా, పడలేకపోతున్నాం. ఈసారి గాలి ఇంకా గట్టిగా కొట్టండి." అలా వచ్చిన సైకిల్‌కి గేజ్ పెడితే 70, 75 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) చూపిస్తుంది. టైరు వెడల్పు 38 మిల్లీమీటర్లు. అందుకే ముందు ఈ గాలి సంగతి తేల్చాలి.

అపోహ: మట్టి రోడ్డు కదా, గాలి ఎంత గట్టిగా ఉంటే పంక్చర్లు అంత తక్కువ.

ఇందులో సగం నిజం ఉంది, అందుకే ఇది చావడం లేదు. పంక్చర్లు రెండు రకాలు. గాలి బాగా తక్కువగా ఉన్నప్పుడు రాయి తగిలితే ట్యూబు రాయికీ రిమ్ముకీ మధ్య నలిగి, పక్కపక్కనే రెండు చీలికలు పడతాయి. దీన్నే స్నేక్ బైట్ అంటాం. గాలి పెంచితే తగ్గేది ఈ ఒక్కటే. మన ప్రాంతంలో ఎక్కువగా పడేవి ముల్లు పంక్చర్లు, వాటిని ఎంత గాలీ ఆపలేదు.

పల్లేరు కాయను ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. ఎండాక అది ఐదు ముక్కలుగా విడిపోతుంది. ప్రతి ముక్కకీ రెండు పెద్ద ముళ్లు, కింద చిన్నవి ఇంకొన్ని. ఎలా పడ్డా ఏదో ఒక ముల్లు పైకి చూస్తూనే ఉంటుంది. వానల్లో పసుపు పూలతో నేలమీద పాకే ఈ మొక్క చలికాలం మొదలయ్యేసరికి ఎండి కాయలు రాలుస్తుంది. మనం ఉత్సాహంగా బాట పట్టేదీ సరిగ్గా అప్పుడే. దీనికి తోడు కట్టల మీద సర్కారు తుమ్మ. కొమ్మలు నరికి పక్కన పడేస్తే ఆ ముల్లు టైరులోకి నిలువునా దిగుతుంది.

గాలి గట్టిగా ఉంటే ముల్లుకు పని ఇంకా సులువు. ఒక లెక్క చూడండి. 70 కిలోల మనిషి, 12 కిలోల సైకిల్ అనుకుంటే వెనక చక్రం మీద సుమారు 45 కిలోలు పడతాయి. 60 పీఎస్ఐ అంటే చదరపు సెంటీమీటరుకు 4.2 కిలోలు. అంటే టైరు నేలకు ఆనేది దాదాపు 11 చదరపు సెంటీమీటర్లే. గాలి 30కి దించితే అది 21 అవుతుంది. అదే బరువు రెట్టింపు చోట పరుచుకుంటుంది, రాయి చుట్టూ టైరు వంగుతుంది, మొరం మీద పట్టు దొరుకుతుంది. గట్టి టైరు వంగదు, ఎగురుతుంది. ఎగిరిన ప్రతిసారీ మీరు తొక్కిన శక్తిలో కొంత పైకి పోతుంది, ముందుకు కాదు. గట్టి గాలితో స్పీడు పెరుగుతుందనేది నున్నటి తారు రోడ్డు మాట. మొరం మీద చేతులు తిమ్మిరెక్కుతాయి, మలుపులో ముందు చక్రం జారుతుంది. "నాకు బ్యాలెన్స్ లేదు, నా వయసుకి ఇది కుదరదు" అని భయపడేవాళ్లలో చాలామందికి లోపం బ్యాలెన్స్‌లో లేదు, గాలిలో ఉంది. దయచేసి అది సరిచూసుకోకుండా మానేయకండి.

ఈ అపోహకు మూలం టైరు పక్కన అచ్చువేసిన అంకె. "మ్యాక్స్ 75" అని ఉంటే అది దాటకూడని హద్దు, అంతే. అంత కొట్టమని కాదు. టైరును పట్టి ఉంచే అంచు వంపు లేని హుక్‌లెస్ రిమ్ములైతే హద్దు ఇంకా తక్కువ, 72.5 పీఎస్ఐ. వేళ్లతో నొక్కి చూసి చెప్పే అంచనా అసలు పనికిరాదు. రోడ్డు పక్క పంక్చర్ షాపు కంప్రెసర్ వాడకండి. సైకిల్ ట్యూబులో పట్టే గాలే కొంచెం, రెండు సెకన్లలో గేజ్ ముల్లు ఎక్కడికో పోతుంది. గేజ్ ఉన్న ఫ్లోర్ పంపు కొనుక్కోండి, అన్నిటికంటే ముందు కొనాల్సింది అదే.

40 మిల్లీమీటర్ల ట్యూబ్‌లెస్ టైరుకు మొదలుపెట్టడానికి: మీ బరువు 60 కిలోలైతే ముందు 26, వెనక 28 పీఎస్ఐ. 75 కిలోలైతే 30, 33. 90 కిలోలైతే 35, 38. ట్యూబు ఉంటే ప్రతిదానికీ 5 కలపండి. హైబ్రిడ్‌లకు (రోడ్ బైకుకీ ఎంటీబీకీ మధ్య రకం సైకిళ్లకు) వచ్చే 35 మిల్లీమీటర్ల టైరు, ట్యూబుతో, 75 కిలోల మనిషికి 42, 46 దగ్గర మొదలుపెట్టవచ్చు. ఇక్కడి నుంచి మీ బాట మీద 200 మీటర్లు తొక్కి 2 పీఎస్ఐ చొప్పున దించుకుంటూ రండి. మణికట్టుకు వణుకు తగ్గే చోట ఆగండి. రిమ్ముకు రాయి "టక్" మని తగిలిన చప్పుడు వినిపిస్తే 3 పెంచండి. ఆ అంకెను ఫోన్‌లో రాసి పెట్టుకోండి. ఎండాకాలం ఇంకో జాగ్రత్త: పొద్దున 25 డిగ్రీల్లో 45 పీఎస్ఐ కొట్టిన టైరు మధ్యాహ్నం 45 డిగ్రీల ఎండకు 49 పీఎస్ఐ అవుతుంది.

మరి ముల్లు సంగతి? దానికి మందు సీలెంట్, అంటే చిల్లును లోపలి నుంచి మూసేసే ద్రవం. ట్యూబ్‌లెస్‌లో ఒక్కో టైరుకు 60 నుంచి 90 మిల్లీలీటర్లు. వాల్వ్ కోర్ (వాల్వ్ లోపలి పిన్ను) ఊడే రకం ట్యూబుల్లో కూడా 50 పోయవచ్చు, పల్లేరు చిల్లులకు బాగానే పనిచేస్తుంది. మన వేడికి రెండు మూడు నెలల్లో ఎండిపోతుంది. ఏడాది క్రితం పోయించి "సీలెంట్ ఉన్నా పంక్చర్ పడింది" అంటే లోపల మిగిలింది రబ్బరు పొరే. ముల్లు పీకాక చిల్లు కిందికి వచ్చేలా చక్రం తిప్పి అరనిమిషం ఆపండి.

ట్యూబు మారిస్తే టైరు లోపల వేలితో తడిమి ముల్లు మొన దొరికేదాకా వదలకండి, లేదంటే కొత్త ట్యూబు పది నిమిషాల్లో పోతుంది. టైరు మీది పేరు ఎప్పుడూ వాల్వ్ దగ్గరికి వచ్చేలా ఎక్కిస్తే, ట్యూబులో చిల్లు ఎక్కడుందో చూసి ముల్లు ఎక్కడుందో చెప్పేయవచ్చు. ప్యాచ్ వేసేటప్పుడు ఉప్పుకాగితంతో రుద్ది, సొల్యూషన్ పల్చగా పూసి, వేలికి అంటనంతవరకు ఆగండి. తడిమీద అంటిస్తే నిలవదు.

అపోహ: మొరం బాటల కోసమే చేసిన గ్రావెల్ బైక్ కొనాల్సిందే.

అక్కర్లేదు. మీ దగ్గరున్న హైబ్రిడ్‌లో 35 లేదా 38 టైరు పట్టి, ఫ్రేముకు అటూ ఇటూ కనీసం 5 మిల్లీమీటర్ల సందు ఉంటే చాలు. ఎంటీబీ (మౌంటెన్ బైక్) అయితే ఇంకా నయం. పాత రోడ్ బైకుల్లో ఎక్కువవాటికి 28 మిల్లీమీటర్లు దాటి టైరు పట్టదు, వాటితో మాత్రం సాహసం వద్దు. ఆ లక్ష రూపాయలు దాచుకుని మంచి టైర్లు వేయించుకోండి.

అపోహ: గ్రావెల్ అంటే కంకర.

కాదు. రోడ్డు వేయడానికి పోసిన 40 మిల్లీమీటర్ల కొత్త కంకర మీద ఎవరూ తొక్కలేరు, దిగి నడిపించండి. మనకు కావాల్సింది అణిగిన మొరం.

అపోహ: మ్యాపులో సన్నగీత ఉంటే ట్రాఫిక్ లేని దారే.

క్వారీ టిప్పర్లు పోయేది ఆ సన్నగీతల మీదే. దుమ్ములో ఎదురుగా ఏముందో డ్రైవరుకు కనపడదు. మొరం మీద లోతైన జంట చక్రాల గాళ్లు కనిపిస్తే అది టిప్పర్ బాట అని గుర్తు, వేరే దారి చూసుకోండి. మొయినాబాద్ చుట్టుపక్కల ఆదివారం తొమ్మిది దాటితే ఫామ్‌హౌస్ కార్లు మొదలవుతాయి. చేవెళ్ల మర్రిచెట్ల నీడ ఎంత అందమైనదైనా అది హైవే, బస్సులూ లారీలూ తిరిగేచోటు. ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్కన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ భయం పోగొట్టుకోవడానికి చాలా మంచిది. దాని నేల నున్నన కాబట్టి అక్కడ నేర్చిన గాలి అంకె మొరం మీద పనికిరాదు.

అపోహ: ఊరకుక్క గీరితే ఏమీ కాదు.

ఈ పుకారు ప్రాణం తీస్తుంది. కుక్క వెంటపడితే ఆగండి, దిగండి, సైకిల్‌ను మధ్యలో పెట్టుకుని నెమ్మదిగా నడవండి. పన్ను గానీ గోరు గానీ తగిలి చర్మం గీరుకుంటే ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే వ్యాక్సిన్ వేయించుకోండి.

అపోహ: వాన వెలిస్తే వెళ్లవచ్చు.

నేలను బట్టి. ఇబ్రహీంపట్నం వైపు ఎర్ర చల్కలు, మొరం నీళ్లు త్వరగా ఇంకించుకుంటాయి, వాన తగ్గిన కొన్ని గంటల్లో తొక్కవచ్చు. చేవెళ్ల, శంకర్‌పల్లి, వికారాబాద్ వైపు నల్లరేగడి అలా కాదు, కనీసం రెండు రోజులు ఎండనివ్వాలి. తడి రేగడి టైరుకు పట్టి, ఫోర్కుకీ (చక్రాన్ని పట్టుకునే కవలకీ) టైరుకీ మధ్య గట్టిపడి చక్రాన్ని బిగించేస్తుంది. అప్పుడు బలంగా తొక్కితే గేర్లు మార్చే వెనక డిరేలర్ ఊచల్లోకి పోయి, దాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ విరుగుతుంది, ఒక్కోసారి ఫ్రేము కూడా దెబ్బతింటుంది. చక్రం బరువెక్కినట్టు అనిపించగానే దిగి, సైకిల్ భుజాన వేసుకుని గట్టి నేల మీదికి తీసుకెళ్లండి. పుల్లతో మట్టి గీకి, వెనక నుంచి చూసి డిరేలర్ వెనక చక్రానికి సమంగా నిలువుగా ఉందో లేదో సరిచూశాకే మళ్లీ ఎక్కండి.