ఒక కాపురం, రెండు రకాల నంబర్లు: 1996 వేసవి పెట్టిన చిక్కు

అమెరికాలో పన్ను రిటర్నుల కాలం రాగానే డాలస్ నుంచి ఎడిసన్ దాకా తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లో ఏటా ఒక ప్రశ్న తిరుగుతుంది. ధనుర్మాసం మొదలయ్యేలోపు పెళ్లయింది, అమ్మాయి ఫిబ్రవరిలో హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగ వీసా ఉన్నవారి భార్యాపిల్లలకు ఇచ్చే వీసా) మీద వచ్చింది, పోయిన ఏడాది రిటర్ను ఇద్దరి పేర్ల మీదా జాయింటుగా వేయొచ్చా? జవాబు పాతదే. వేయొచ్చు. డిసెంబరు 31 నాటికి పెళ్లయి ఉంటే చాలు, పన్ను చట్టం దృష్టిలో ఆ ఏడాదంతా దంపతులే. ఆ ఏడాది ఆమె అమెరికా గడ్డ మీద కాలు పెట్టకపోయినా సరే.

ఈసారి మాత్రం ఆ ప్రశ్నకు తోక ఒకటి తగులుకుంది: జాయింటుగా వేస్తే ఏమైనా పోగొట్టుకుంటామా? ఈ భయానికి కారణాలున్నాయి. 2025 జులై 4న సంతకమైన భారీ పన్ను చట్టం, పిల్లలున్నవారికి పన్నులో దక్కే రాయితీ అయిన చైల్డ్ ట్యాక్స్ క్రెడిట్‌ను తల్లిదండ్రుల సోషల్ సెక్యూరిటీ నంబరు అనే ప్రభుత్వ గుర్తింపు నంబరుతో ముడిపెట్టింది. అదే ఏడాది నవంబరు 20న ట్రెజరీ (ఆర్థిక) శాఖ ఇంకో బాంబు పేల్చింది. కొన్ని క్రెడిట్లలో పన్ను పోగా చేతికి వచ్చే భాగాన్ని ప్రభుత్వ సాయంగా లెక్కగడతామని, 1996 నాటి సంక్షేమ చట్టం అర్హులుగా గుర్తించని విదేశీయులకు దాన్ని ఆపేస్తామని, 2026 పన్ను సంవత్సరం నుంచే అమలు చేయాలన్నది తమ ఉద్దేశమని ప్రకటించింది.

చాలామంది ఈ కథను 1948 నుంచి మొదలుపెడతారు. దంపతుల ఆదాయాన్ని చెరిసగంగా చూసే జాయింట్ రిటర్ను దేశమంతటా వచ్చిన ఏడాది అది. అక్కడి నుంచి ఈ రోజు దాకా నడుచుకుంటూ రానక్కర్లేదు. నేటి తగాదా మొత్తం 1996 వేసవిలో, ఎనిమిది వారాల లోపు జరిగిన రెండు పనుల్లో ఉంది.

అంతకుముందు హెచ్-4 మీద వచ్చిన భార్య సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకు వెళ్లి, పన్ను రిటర్ను కోసం నంబరు కావాలని అడిగితే ఇచ్చేవారు. ఆ కార్డు మీద ‘ఉద్యోగానికి చెల్లదు’ అని పెద్దక్షరాల్లో అచ్చు వేసి ఇచ్చేవారు. ఉద్యోగానికి చెల్లకపోతేనేం, నంబరు నంబరే. రిటర్ను మీద భార్యాభర్తల గడుల్లో ఒకే రకం నంబర్లు ఉండేవి.

1996 జులై 1న అమెరికా పన్నుల విభాగం ఐఆర్‌ఎస్ ‘ఐటిన్’ అనే కొత్త నంబరు మొదలుపెట్టింది. సోషల్ సెక్యూరిటీ నంబరుకు అర్హత లేనివారు పన్ను కట్టడానికి మాత్రమే వాడే తొమ్మిది అంకెల నంబరు ఇది; మొదటి అంకె ఎప్పుడూ 9. పన్నుకు వేరే నంబరు వచ్చింది కాబట్టి, పన్ను కోసమని సోషల్ సెక్యూరిటీ నంబర్లు ఇవ్వడం ఆగిపోయింది. ఇంతవరకు పరిపాలనా సౌలభ్యం అనుకోవచ్చు. ఆగస్టు 22న అధ్యక్షుడు బిల్ క్లింటన్ సంక్షేమ సంస్కరణల చట్టం మీద సంతకం చేశారు. ఆ చట్టం రెండు పనులు చేసింది. ప్రభుత్వ సాయానికి ఏ విదేశీయులు అర్హులో జాబితా రాసింది; గ్రీన్ కార్డుదారులు, శరణార్థుల వంటి వారు అందులో ఉన్నారు, హెచ్-1బీ, హెచ్-4 వారు లేరు. తక్కువ సంపాదన ఉన్న కార్మికులకు దక్కే ఆదాయ క్రెడిట్ కావాలంటే రిటర్ను మీద భార్యాభర్తలిద్దరికీ పనికి చెల్లే సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండాలని కూడా అన్నది.

జులైలో ఒక వర్గానికి విడిగా నంబరు ఇచ్చారు. ఆగస్టులో ఆ నంబరు ఉన్నవారికి ఫలానాది దక్కదని రాశారు. ఆ తర్వాత ముప్పై ఏళ్లుగా కాంగ్రెస్‌లో ఎవరు ఏ క్రెడిట్ రాసినా, ఏ చెక్కు పంచినా, అర్హుల వడపోతకు చేతికందే పనిముట్టు అదే అయింది.

ఆ చట్టం రాసినవారి మనసులో హెచ్-4 భార్య ఉన్నట్టు కనిపించదు. వారి వాదన అనుమతి లేకుండా పనిచేసేవారి గురించి. కానీ సరిగ్గా ఆ ఏళ్లలోనే వైటూకే (2000 సంవత్సరం రాకతో కంప్యూటర్లలో తేదీల చిక్కు) పనుల కోసం హైదరాబాదు నుంచి విమానాలు నిండాయి. 65 వేలున్న హెచ్-1బీ వార్షిక పరిమితిని 1998 చట్టంతో 1,15,000కి, 2000 చట్టంతో 1,95,000కి పెంచారు. అన్ని అనుమతులతో వచ్చి, పైసా ఎగ్గొట్టకుండా పన్ను కట్టే కుటుంబాలు వేల సంఖ్యలో ఆ వడపోతలో చిక్కుకున్నాయి.

అయితే విడివిడిగా వేసుకోవచ్చు కదా అనేవారు ఉంటారు. దానికి లెక్క చూడాలి. భర్త జీతం 1,10,000 డాలర్లు, భార్యకు సంపాదన లేదు అనుకుందాం. 2025 సంవత్సరానికి జాయింటుగా వేస్తే స్టాండర్డ్ డిడక్షన్ 31,500 పోగా మిగిలిన 78,500 మీద ఫెడరల్ పన్ను 8,943 డాలర్లు. అదే భర్త విడిగా వేస్తే డిడక్షన్ సగమే, 15,750. పైగా శ్లాబులు సగానికి కుదించుకుపోయి 22 శాతం రేటు మొదలవుతుంది. పన్ను సుమారు 15,650. తేడా 6,700 డాలర్లు. కొత్తగా కాపురం పెట్టినవారికి నాలుగైదు నెలల కిరాణా ఖర్చు కన్నా ఎక్కువే.

ఈ వెసులుబాటు ఉచితంగా ఏమీ రాలేదు. అసలు చట్టం ప్రకారం, ఏడాదిలో ఏ ఒక్కరోజైనా దంపతుల్లో ఒకరు పన్నుల రీత్యా నాన్‌రెసిడెంటు అయితే జాయింట్ రిటర్ను కుదరదు. 1976లో కాంగ్రెస్ దానికి మినహాయింపు ఇచ్చింది: ఒకరు పౌరుడో రెసిడెంటో అయితే, రెండోవారిని కూడా ఏడాదంతా రెసిడెంటుగా పరిగణించమని ఇద్దరూ సంతకాలు చేసి కోరవచ్చు. బదులుగా ఆమె ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా లెక్క చూపాలి. పెళ్లికి ముందు గచ్చిబౌలిలో చేసిన ఉద్యోగం జీతం, నాన్న ఆమె పేర వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్ల వడ్డీ అన్నీ ఇక్కడి రిటర్నులోకి వస్తాయి. మన దేశంలో పన్ను పడని పీపీఎఫ్ వడ్డీకి ఇక్కడ ఆ మినహాయింపు ఉండదు. భారత్‌లో కట్టిన పన్నుకు క్రెడిట్ ఉంటుంది కాని ఫారాలు పెరుగుతాయి. ఆమె ఆదాయం మొత్తాన్ని పన్ను వలలోకి లాగేటప్పుడు ఆమె పూర్తి రెసిడెంటు. క్రెడిట్ పంచే వేళకు మాత్రం ఆమె నంబరు వేరు రకం.

ఇది బాహాటంగా బయటపడింది 2008లో. మాంద్యం తరుముకొస్తుండగా ఫిబ్రవరిలో తెచ్చిన ఉద్దీపన చట్టం ఒక్కొక్కరికి 600 డాలర్ల దాకా, దంపతులకు 1,200 దాకా, బిడ్డకు 300 చొప్పున పంచింది. జాయింట్ రిటర్నులో ఒకరిది ఐటిన్ అయితే ఎంత తగ్గించాలి? ఆమె వాటా 600 అనుకుంటాం. చట్టం మొత్తం ఎత్తేసింది. సోషల్ సెక్యూరిటీ నంబరున్న భర్త వాటా పోయింది, అమెరికాలో పుట్టిన బిడ్డ వాటా పోయింది. సైనికుల కుటుంబాలకు మాత్రం జూన్‌లో సవరణ తెచ్చి మినహాయింపు ఇచ్చారు. విదేశీ కోడళ్లు సైనికుల ఇళ్లలోనూ ఉంటారని నాలుగు నెలల్లో గుర్తొచ్చింది. మిగతా ఇళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు.

అవతలి పక్షానికి చెప్పుకోవడానికి ఏమీ లేదని కాదు. పనిచేసే అనుమతి లేనివారికి ఒక్క ఏడాదిలో 420 కోట్ల డాలర్ల క్రెడిట్లు చెల్లించారని ట్రెజరీ తనిఖీ విభాగం 2011లో లెక్క చెప్పింది. మరుసటి ఏడాది ఐటిన్ల జారీ మీద వెలువడిన నివేదికలో, అట్లాంటాలోని ఒకే చిరునామాకు దాదాపు 24 వేల రీఫండ్లు, 4 కోట్ల 60 లక్షల డాలర్ల పైచిలుకు సొమ్ము వెళ్లినట్టు తేలింది. మోసం నిజం, కట్టడి అవసరం.

ఆ కట్టడి ఎవరి మీద పడిందన్నదే ప్రశ్న. 2012 జూన్ నుంచి నోటరీ చేసిన నకళ్లు చెల్లవన్నారు. అసలు పాస్‌పోర్టు గాని, జారీచేసిన సంస్థే ధ్రువీకరించిన ప్రతి గాని పంపాలి. కొత్తగా వచ్చిన కోడలి మొదటి రిటర్ను ఇప్పటికీ కాగితాల కట్టే. పైన ఐటిన్ దరఖాస్తు అయిన డబ్ల్యూ-7 ఫారం, దాని వెనక భార్య నంబరు గడి ఖాళీగా వదిలిన రిటర్ను, ఇద్దరూ సంతకాలు చేసిన విజ్ఞప్తి పత్రం, పాస్‌పోర్టు. అన్నీ కవర్లో పెట్టి టెక్సస్‌లోని ఆస్టిన్‌కు పోస్టు చేయాలి. ఆన్‌లైన్‌లో పంపడం కుదరదు. రద్దీ కాలంలో 9 నుంచి 11 వారాలు పడుతుందని ఐఆర్‌ఎస్ స్వయంగా చెబుతుంది. ఊళ్లో అమ్మమ్మకు బాగోలేదని కబురు వస్తే, ప్రయాణం కట్టడానికి పాస్‌పోర్టు ఆస్టిన్‌లో ఉంటుంది. పాస్‌పోర్టు చూసి ధ్రువీకరించే అధీకృత ఏజెంట్లు ఉన్నారు, కొన్ని ఐఆర్‌ఎస్ కార్యాలయాల్లోనూ ఆ పని చేస్తారు. తెలిసినవారు అలా గట్టెక్కుతున్నారు.

2020 మార్చిలో కోవిడ్ సాయం వచ్చినప్పుడు 2008 నాటి నిబంధనను దాదాపు ఉన్నదున్నట్టు దించేశారు, సైనికుల మినహాయింపుతో సహా. ఇద్దరు అమెరికన్ పిల్లలున్న నలుగురి కుటుంబానికి 3,400 డాలర్లు రావాల్సిన చోట, తల్లిది ఐటిన్ అయితే సున్నా. ఈసారి ఊరుకోలేదు, ఐటిన్ ఉన్నవారిని పెళ్లాడిన అమెరికా పౌరులే కోర్టులకెక్కారు. డిసెంబరు 27న వచ్చిన చట్టం పాత తేదీ నుంచి తప్పు దిద్దింది. నంబరున్న భర్తకు 1,200, పిల్లలకు 1,000, మొత్తం 2,200 డాలర్లు 2020 రిటర్నులో అడిగి తీసుకోవచ్చంది. ఒకరి నంబరు చూసి ఇల్లంతటినీ వెలివేయడం తప్పని కాంగ్రెస్ ఒప్పుకున్న సందర్భం ఇది. ఇప్పటి చర్చలో దీన్ని ఎవరూ పెద్దగా తలచుకోకపోవడం ఆశ్చర్యమే.

తలచుకుని ఉంటే 2025 మే నెల అలా నడిచేది కాదు. మే 22న ప్రతినిధుల సభ 215-214 ఓట్లతో నెగ్గించిన బిల్లు, చైల్డ్ ట్యాక్స్ క్రెడిట్‌కు జాయింట్ రిటర్నులో తల్లిదండ్రులిద్దరికీ సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండాలంది. తండ్రి హెచ్-1బీ, తల్లి హెచ్-4, బిడ్డ అమెరికాలో పుట్టిన పౌరుడు. అయినా క్రెడిట్ లేదు. సెనేట్ దాన్ని ఇద్దరిలో ఒకరికి ఉంటే చాలన్నట్టు మార్చింది. చివరికి చట్టమైంది ఈ రూపమే, క్రెడిట్ 2,200 డాలర్లు. కాబట్టి హెచ్-1బీ, హెచ్-4 జంట 2025 రిటర్ను జాయింటుగా వేస్తే ఈ క్రెడిట్‌కు ఢోకా లేదు. గ్రూపుల్లో తిరుగుతున్న భయాల్లో సగం మే నాటి బిల్లును చదివి జులై నాటి చట్టమనుకున్నవే.

మిగతా సగం నవంబరు ప్రకటన గురించి. అక్కడ ప్రమాణం నంబరు కాదు, వీసా. 1996 జాబితాలో లేనివారికి, భార్యాభర్తలిద్దరికీ సోషల్ సెక్యూరిటీ నంబరున్నా, పన్నుకు మించి చేతికొచ్చే భాగం ఆగుతుంది. పైన చెప్పిన 1,10,000 జీతగాడికి దీనితో పని లేదు; ఇద్దరు పిల్లల క్రెడిట్ 4,400 ఆయన కట్టాల్సిన పన్నులోనే సర్దుకుపోతుంది. దెబ్బ తగిలేది లేఆఫ్ అయిన ఏడాది. కుటుంబ ఆదాయం 40 వేలకు పడిపోతే ఇప్పటి లెక్కలో పన్ను 850 డాలర్లే. క్రెడిట్‌లో అంతవరకు పన్నుకు చెల్లగా, చేతికిచ్చేదానికి ఉన్న పరిమితి మేరకు ఇంకో 3,400 చేతికి వస్తుంది. ప్రకటించిన నిబంధన అమలైతే ఆగేది ఆ 3,400. పిల్లలు అమెరికా పౌరులే కదా అంటే, రిటర్ను వేసేది పిల్లలు కాదు.

నంబరు సమస్యకు మూలం హెచ్-4 భార్యకు పని అనుమతి లేకపోవడం. భర్త గ్రీన్ కార్డు దరఖాస్తు ఒక దశ దాటితే భార్యకు ఉద్యోగ అనుమతి ఇచ్చే నిబంధన 2015 మే 26 నుంచి అమల్లో ఉంది. దానితో సోషల్ సెక్యూరిటీ నంబరూ వస్తుంది. కంపెనీ బదిలీపై వచ్చిన ఉద్యోగి వెంట ఎల్-2 వీసా మీద వచ్చిన భార్యకు 2021 నవంబరు నాటి కోర్టు రాజీ తర్వాత వీసాతోపాటే పని హక్కు ఉంది. పక్కపక్క ఫ్లాట్లలో ఉండే రెండు జంటల్లో ఒకరు వారాల్లో నంబరు తెచ్చుకుంటే, ఇంకొకరు ఏళ్ల తరబడి ఐటిన్‌తో నెట్టుకొస్తారు.

2025 రిటర్నుకు గడువు 2026 ఏప్రిల్ 15. ఐటిన్ దరఖాస్తు ఆ తేదీలోపు పంపాలి, కుదరకపోతే ఫారం 4868తో గడువును అక్టోబరు 15 దాకా పొడిగించుకోవాలి. 2015 డిసెంబరు చట్టం ప్రకారం, గడువు దాటాక దరఖాస్తు చేసి తెచ్చుకున్న నంబరుతో ఆ ఏడాది క్రెడిట్లు కొన్ని వెనక్కి అడగడానికి వీల్లేదు. భారత్‌లో పుట్టి హెచ్-4పై వచ్చిన పిల్లల మీద దక్కే 500 డాలర్లు వాటిలో ఒకటి. నంబరు రాలేదని భర్త ముందు విడిగా వేసేసినా, మూడేళ్లలోపు సవరించి జాయింటుగా మార్చుకోవచ్చు. జాయింటుగా వేసినదాన్ని గడువు దాటాక విడిగా మార్చడం మాత్రం కుదరదు.