రాతియుగపు కందకం ఎలా పూడుతుంది? అపోహలు - వాస్తవాలు

దక్షిణ ఇంగ్లండ్ సుద్దగుట్టల మీద కొత్తరాతియుగం వాళ్ళు క్రీ.పూ. 3700 ప్రాంతం నుంచి వలయాలుగా కందకాలు తవ్వి, తీసిన సుద్దను లోపలి అంచున కట్టగా పోశారు. విల్ట్‌షైర్‌లోని విండ్‌మిల్ హిల్ వీటిలో బాగా తెలిసినది. ఒకదానిలో ఒకటిగా మూడు వలయాలు, మొత్తం సుమారు 8.5 హెక్టార్లు. 1925-29 మధ్య అలెగ్జాండర్ కైలర్ దీన్ని తవ్వించాడు. ఇలాంటి చోట్ల గురించి మ్యూజియం బోర్డుల దగ్గరా, తవ్వకానికి కొత్తగా వచ్చిన విద్యార్థుల నోటా తరచూ వినపడే మాటలు కొన్ని ఉన్నాయి. కొన్ని శుద్ధ తప్పు. కొన్ని సగం నిజం, వాటితోనే చిక్కు ఎక్కువ.

అపోహ: కందకం ఉందంటే అది కోటే

మనకి కందకం అనగానే ఓరుగల్లు కోట గుర్తొస్తుంది. విండ్‌మిల్ హిల్ కందకం అలా ఏకంగా సాగదు. ముక్కలు ముక్కలుగా ఉంటుంది, ముక్కకీ ముక్కకీ మధ్య తవ్వని నేల దారిలా మిగిలి ఉంటుంది. శత్రువును ఆపాలనుకున్నవాడు అన్ని దారులు వదలడు. పైగా లోపలి వలయం చాలాచోట్ల లోతు తక్కువగా ఉంటుంది, మనిషి సులువుగా దిగి ఎక్కేయగలడు. జనం కొంతకాలం కూడి, పశువుల్ని కోసి, విందులు చేసి వెళ్ళిపోయిన చోటు అనుకోవడమే దానికి సరిపోతుంది.

అలాగని రక్షణ మాటే లేదనడం కూడా తప్పే. గ్లాస్టర్‌షైర్‌లోని క్రిక్లీ హిల్‌లో ద్వారాల చుట్టూ ఆకు ఆకారపు చెకుముకి బాణపు మొనలు వందల్లో దొరికాయి. అక్కడ దాడి జరిగిందనడానికి ఇంకో సాక్ష్యం అక్కర్లేదు. డార్సెట్‌లోని హాంబుల్డన్ హిల్ కందకంలో బాణం తగిలి చనిపోయిన యువకుడి అస్థిపంజరం బయటపడింది. ఏ చోటుకి ఆ చోటు విడిగా తేల్చుకోవాల్సిందే.

నీళ్ళ సంగతీ అంతే. సుద్దనేల నీటిని వెంటనే ఇంకించుకుంటుంది కాబట్టి గుట్టల మీది కందకాల్లో నీళ్ళు నిలవవు. కేంబ్రిడ్జ్‌షైర్ చిత్తడినేలల్లోని ఎట్టన్ వేరు. ఫ్రాన్సిస్ ప్రయర్ 1982-87లో తవ్వినప్పుడు, కందకంలో తడి నిలిచిన భాగంలో చెక్కపేళ్ళూ బెరడూ కుళ్ళకుండా దొరికాయి.

అపోహ: పూడిక ఏటా ఇంతని సమానంగా పెరుగుతుంది

మీటరున్నర పూడికని అయిదువేల ఏళ్ళతో భాగించి, ఏడాదికి ఇంత అని లెక్కగట్టే పద్ధతి ఇప్పటికీ కనిపిస్తుంది. అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఈ లెక్కే.

దీన్ని పరీక్షించడానికి 1960లో విల్ట్‌షైర్‌లోని ఓవర్టన్ డౌన్ మీద ఒక కట్ట, పక్కనే కందకం కావాలని కట్టారు. కట్టించినవాళ్ళు 2, 4, 8, 16, 32, 64, 128 ఏళ్ళు నిండినప్పుడల్లా అడ్డంగా కోసి చూడాలని ముందే నిర్ణయించారు. చివరి కోత 2088లో పడాలి. 1963లో డార్సెట్‌లోని వేర్‌హమ్ దగ్గర ఇసకనేలలో ఇలాంటిదే ఇంకొకటి కట్టారు. అంతకు చాలాముందే, 1890ల్లో, పిట్-రివర్స్ డార్సెట్‌లోని వర్ బారో కందకాన్ని తవ్వి తెరిచే ఉంచి, కొన్నేళ్ళ తరవాత ఎంత పూడిందో కోసి చూశాడు.

సుద్దలో తేలినది ఇది. తవ్విన మొదటి చలికాలం నుంచే మంచు పని మొదలుపెడుతుంది. సుద్ద పగుళ్ళలోకి దిగిన నీరు గడ్డకట్టి ఉబ్బుతుంది, కరగగానే పెచ్చులు రాలతాయి. అవి గోడల పాదాల దగ్గర రెండువైపులా వాలుగా పేరుకుంటాయి. పై అంచు కింద గోడ కొరుక్కుపోయి, పచ్చిక వేళ్ళతో సహా చూరులా వేలాడి, చివరికి ముక్కలుగా తెగి కందకంలో పడుతుంది. అందుకే అడుగుపొరలో తెల్లటి కోసు సుద్దపెచ్చుల మధ్య నల్లటి మట్టిగడ్డలు చిక్కుకుని ఉంటాయి. కొన్నిచోట్ల ముతక పెచ్చులు, సన్నమట్టి ఒకదాని మీద ఒకటి చారలుగా కనిపిస్తాయి. ముతకది చలికాలపు రాలుడు, సన్నది మిగతా కాలంలో వానకి జారినది.

ఈ ఉరవడి కొద్ది ఏళ్ళే. గోడలు వాలుగా సర్దుకుని గడ్డి పట్టగానే రాలడం దాదాపు ఆగిపోతుంది. ఓవర్టన్ డౌన్‌లో 1976 కోత నాటికే కందకం చాలావరకు నిలకడకి వచ్చేసింది, 1992 కోతలో ఆ తరవాత పెద్ద మార్పేమీ కనపడలేదు. అంటే అడుగునున్న మందపాటి సుద్దపెచ్చుల పొర ఒక మనిషి బాల్యం గడిచేంతలో పడినది. దాని మీది సన్నమట్టి పొరకి వందల ఏళ్ళు, ఒక్కోచోట వేల ఏళ్ళు పట్టి ఉండొచ్చు. అన్నిటికీ పైన దున్నిన పొలాల నుంచి జారివచ్చిన మట్టి ఉంటుంది. మూడు పొరలూ మందంలో ఒకటే కావచ్చు, కాలంలో మాత్రం పోలికే లేదు.

చెరువు పూడిక చూసిన కన్నుతో ఈ పొరల్ని చూడకూడదు. చెరువులో నీరు తెచ్చిన ఒండ్రు అడ్డంగా పరుచుకుంటుంది. ఇక్కడ పొరలు గోడల దగ్గర మందంగా, నడుమ పల్చగా, గిన్నెలా వంగి ఉంటాయి. వాలును పట్టించుకోకుండా పది సెంటీమీటర్ల చదును పలకలుగా తవ్వితే ఒక్కో పలకలో మూడు నాలుగు పొరల కుండపెంకులు కలిసిపోతాయి. ఆ కలయికని తరవాత ఎవరూ విడదీయలేరు.

అపోహ: ఇప్పుడు కనిపించే ఆకారమే అప్పుడు తవ్వినది

కోతలో వెడల్పాటి వీ ఆకారం కనిపిస్తే వీ ఆకారంలోనే తవ్వారని రాసేస్తారు. పై గోడలు ఎండకీ మంచుకీ వెనక్కి జరిగిపోయాయి. కింది గోడలు మాత్రం మొదటి ఒకటి రెండు చలికాలాల్లోనే రాలిన సుద్ద కింద దాగి, దాదాపు నిటారుగా, చదునైన అడుగుతో మిగిలాయి. దుప్పి కొమ్ము పికాసుల గాట్లు దొరికేది కూడా అక్కడే.

ఇది లెక్కల్ని కూడా తారుమారు చేస్తుంది. అడుగున 1.5 మీటర్లు, పైన 2 మీటర్లు వెడల్పుతో 1.5 మీటర్ల లోతున తవ్వారనుకుందాం. అడ్డుకోత వైశాల్యం 2.6 చదరపు మీటర్లు. పై అంచు కొరుక్కుపోయి 3.5 మీటర్లయితే ఆ వైశాల్యం 3.75. ఇప్పటి కొలతతో ఎంతమంది ఎన్ని రోజులు తవ్వారో లెక్కగడితే 40 శాతం పైగా ఎక్కువ చూపిస్తుంది.

ఏటవాలు కోత ఇంకో తిప్పలు. కందకానికి లంబంగా కాకుండా 45 డిగ్రీల్లో కోస్తే 3 మీటర్ల కందకం 4.2 మీటర్లుగా కనిపిస్తుంది. ముందు పై మట్టి తీసి రెండు అంచులూ పొడవునా గుర్తించి, ఆ తరవాతే తాడు వేయాలి.

తిరగబడిన పొరపాటూ ఉంది. గట్టిగా బిగిసిన సుద్దపెచ్చుల్ని చూసి, ఎవరూ తవ్వని కన్నెనేల వచ్చేసిందనుకుని ఆపేస్తారు. సందేహం ఉంటే తాపీ మొన దింపి చూడండి. పెచ్చుల మధ్య సందులూ మెత్తటి పొడీ తగిలితే అది పూడికే. కన్నె సుద్దలో పగుళ్ళు వరసగా ఉంటాయి, పెచ్చులు ఒకదానికొకటి అతుకుతాయి.

అపోహ: అడుగున దొరికిన బొగ్గు తేదీయే కందకం తేదీ

రేడియోకార్బన్ పరీక్షలో బొగ్గుకి వచ్చే తేదీ ఆ చెట్టుది. ముదురు ఓక్ మాను నడిమి చేవ అయితే, నరికేనాటికే దానికి వందల ఏళ్ళు నిండి ఉండొచ్చు. పైగా పాత నేల మీద అంతకు ముందెప్పుడో పడిన బొగ్గు పచ్చికతో పాటు కందకంలోకి రాలగలదు.

స్టోన్‌హెంజ్ దీనికి మంచి ఉదాహరణ. కందకం అడుగున పెట్టిన పశువుల దవడలకి వచ్చిన తేదీలు, తవ్వకానికి వాడి పడేసిన దుప్పి కొమ్ముల తేదీలకన్నా పాతవి. కొమ్ములు క్రీ.పూ. 3000-2900 ప్రాంతం చూపిస్తే, దవడలు అంతకు తరాల ముందువి. ఎవరో దాచుకుని, తెచ్చి పెట్టారు. దవడల తేదీ ఒక్కటే చేతిలో ఉండి ఉంటే కందకం వయసు తప్పు పడేది.

తేదీకి పనికొచ్చేవి, మా దృష్టిలో, ఈ వరసలో: అడుగునే వదిలేసిన కొమ్ము పికాసు, కీళ్ళు విడిపోకుండా దొరికిన ఎముకలు, ఎందుకంటే నరాలు పట్టి ఉండగానే పూడాయి కాబట్టి, హేజెల్ గింజ పెంకు, ధాన్యపు గింజ లాంటి ఒక ఏడాదివి. విడి బొగ్గు ఆఖరికి. ఒక్కటి కాదు, పొరల వరసలో పై నుంచి కిందికి అనేకం తీసి, ఆ వరసనే గణాంక నమూనాలో పెడితే తేదీలు బిగుస్తాయి. 2011లో అచ్చయిన పెద్ద అధ్యయనం ఇలాగే చేసి, ఇంగ్లండ్‌లో ఈ వలయాలు శతాబ్దాల తరబడి తాపీగా కాక, కొన్ని తరాల్లోనే గబగబా వ్యాపించాయని చూపించింది.

అపోహ: నల్లపొర అంటే జనం బతికిన పొర

చాలాసార్లు అది ఏమీ జరగని కాలపు గుర్తు. పూడిక ఆగి గడ్డి మొలిచి, వానపాములు మట్టిని తిరగేసి, రాళ్ళు కిందికి దిగి, పైన రాయి లేని నల్లటి మట్టి ఏర్పడుతుంది. దాని కింద రాళ్ళు ఒక వరసగా పరుచుకుని ఉంటే అనుమానమే అక్కర్లేదు.

తేల్చడానికి నత్తలు చాలు. సుద్దలో నత్తగుల్లలు బాగా నిలుస్తాయి. ఒకే గోడ వెంట 5 నుంచి 10 సెంటీమీటర్లకో నమూనా, ఒక్కోటి కిలో రెండు కిలోలు, కింది నుంచి పైకి తీయాలి. పై నుంచి మొదలెడితే రాలిన మట్టి కింది నమూనాల్ని పాడుచేస్తుంది. 0.5 మిల్లీమీటర్ల జల్లెడలో కడిగి, నీడలో బతికే రకాలెన్ని, ఆరుబయలు రకాలెన్ని అని లెక్కిస్తే చుట్టూ అడవి ఉందో బయలు ఉందో తెలుస్తుంది. అడుగుపొర నత్తల్ని మాత్రం నమ్మొద్దు. వాటిలో చాలావరకు పచ్చికతో పాటు పడిన పాతవే. వేర్‌హమ్ లాంటి ఆమ్లపు ఇసకలో లెక్క తిరగబడుతుంది: ఎముకా గుల్లా కరిగిపోతాయి, పుప్పొడి నిలుస్తుంది.

అపోహ: కందకంలో ఉన్నదంతా చెత్త. దాని తోబుట్టువు: ఉన్నదంతా పూజాసామగ్రి

రెండూ తొందరపాటే. హాంబుల్డన్ హిల్ కందకం అడుగున పుర్రెలు పెట్టిన తీరు చూస్తే చెత్త అనలేం. అదే కందకంలో పై పొరల్లో అరిగిపోయిన పెంకుముక్కలు కొట్టుకొచ్చినవే. పెంకుల అంచు పదును చూడండి, ఒకే కుండ ముక్కలు ఎన్ని పొరల్లో చెదిరాయో అతికించి చూడండి, ఎముకల మీద కుక్క పళ్ళ గుర్తులున్నాయేమో చూడండి.

పూడిన కందకాన్ని మళ్ళీ తవ్విన గాడుల్ని కనిపెట్టకపోతే ఇదంతా వృథా. గాడిలోని మట్టి చుట్టూ మట్టిలాగే ఉంటుంది కాబట్టి ఎండిన గోడలో కనపడదు. తాపీతో పై నుంచి కిందికి గీకి, సన్నగా నీళ్ళు చిలకరించి, మబ్బు వెలుగులో చూడాలి. గాడి అంచుకి దాని పూడికతో కలపకుండా విడి నంబరు ఇవ్వాలి. కందకపు ముక్కల కొసల్ని ఎప్పుడూ వదలొద్దు. పెట్టిన వస్తువులు తరచూ అక్కడే ఉంటాయి. నడుమ ఒక్క అడ్డుకోతతో సరిపెట్టుకున్న తవ్వకానికి అవి దొరకవు.

అపోహ: ఈ పద్ధతులు సుద్దనేలకే, మన దగ్గర పనికిరావు

మన కొత్తరాతియుగపు ఆవరణల్లో కందకాలకన్నా కంచెలు ముఖ్యం. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరు బూడిదదిబ్బలో రేమండ్ ఆల్చిన్ 1957లో తవ్వినప్పుడు దుంగలు పాతిన గుంటల వరసలు, పశువుల గిట్టల ముద్రలు బయటపడ్డాయి. అది పశువుల దొడ్డి. పేడ పేరుకుని కాలిన బూడిదే దిబ్బ. అక్కడా అడగాల్సిన ప్రశ్న ఇదే: ఈ పొర ఎక్కడి నుంచి వచ్చింది, ఎంత వేగంగా?

మన నేలల్లో మారేది కారణాలు. మంచు లేదు, దాని బదులు తొలకరి వానకి కట్ట కోసుకుపోతుంది. నల్లరేగడి వేసవిలో లోతుగా బీటలు వారుతుంది, పైపొర పూసలూ బొగ్గూ ఆ బీటల్లోంచి కిందికి జారతాయి. రేగడిలో అడుగున ఒకే ఒక్క పూస దొరికితే దాన్ని అడుగుపొర జాబితాలో ఎక్కించే ముందు, దాని చుట్టూ నిలువుగా సన్నని మట్టి చార ఉందేమో చూసి ఫొటో తీయాలి.